తగ్గిన పాదం

మూడో రోజు కూడా గంజి గిన్నె మూత తియ్యకుండానే వెనక్కి వచ్చింది.

గుమొక్ ఆ గిన్నె ఉన్న పళ్ళేన్ని పొయ్యిగట్టు మీద పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని తోడికోడలు సొరాన్ వంక చూసింది. గుమొక్ ఇరవై ఏడేళ్ళుగా ఆ వంటింటిని ఏలుతున్న మనిషి. వదిన చూపు పడితే పళ్ళెంలో ఉప్పుచేప కూడా సర్దుకుని పడుకుంటుందని మరిది వేళాకోళం చేస్తుంటాడు.

"పైన్ గింజలు నూరి కలిపాను, అత్తయ్యకి ఇష్టమని. వాసన కూడా చూళ్ళేదు" అంది.

"ఈసారి నేను తీసుకెళ్తాను అక్కా."

"నువ్వు ఆ గదిలోకి వెళ్తేనే కదమ్మా ఈ ముచ్చట మొదలైంది."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మూడు రోజుల క్రితం సొరాన్ తెగూ నగరం నుంచి వచ్చి బస్సు దిగీ దిగగానే అత్తగారి గదిలోకి వెళ్ళి, రెండు పాత కాగితాలు ఆవిడ ముందు పరిచి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "అత్తయ్యా, ఈ రెండు పాదాలూ ఒక్కరివేనా?" పెద్దావిడ కాగితాల వంక చూసింది, కోడలి వంక చూసింది, గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచి మెతుకు లేదు, మాట లేదు.

ఎల్లుండి చూస్తే ఇంట్లో పెద్ద కార్యం. మామగారు పోయి రెండేళ్ళు నిండాయి. పెద్దకొడుకు, గుమొక్ భర్త సంగ్యున్ పితరుల పేర్లు రాసిన చెక్కపలకల ముందు మొదటి పాత్ర మద్యం పోసి సొల్గోల్ ఊరి పెద్దింటికి పెద్ద అవుతాడు. ఊరూరి నుంచీ దాయాదులు వస్తారు. ఆ రోజు ఇంటి పెద్ద ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, వచ్చినవాళ్ళు ఊరుకోరు.

"ఏం అడిగావు ఆవిణ్ణి?" గుమొక్ గొంతు తగ్గించింది. "అప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. పాదాలు అన్నావు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు. మీ యూనివర్సిటీ భాషలో కాదు."

"ఇంకోసారి చెబుతాను అక్కా. కార్యం అయ్యాక."

"ఇప్పుడు చెప్పు."

సొరాన్ పొయ్యి ముందు చతికిలబడింది. రాజులనీ యుద్ధాలనీ వదిలేసి, ఎవరి ఇంట్లో ఎవరు ఏ గిన్నెలో తిన్నారు, ఎవరు వెచ్చటి నేల మీద పడుకున్నారు, ఎవరు గుమ్మం దగ్గర చలిలో పడుకున్నారు అని ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్న మనిషి ఆమె. చెక్క గరిట ఎడమ అంచు అరిగి ఉండటం చూసి, ఒక ఇంటి వంటమనిషి ఎడమచేతివాటం అని తేల్చి ఒక వ్యాసం రాసింది. డిపార్టుమెంటులో మగవాళ్ళు ఆమె లేనప్పుడు 'మేజోళ్ళ ప్రొఫెసర్' అంటారని ఆమెకి తెలుసు. ఆ పేరు కాస్త గర్వంగానే మోసింది ఇన్నాళ్ళూ.

ఆ పేరు రావటానికి కారణం అత్తగారి చెక్కపెట్టెలో దొరికిన గుడ్డసంచి. ఇంట్లో ప్రతి మనిషికీ గుడ్డ మేజోళ్ళు కుట్టడానికి పాదం కొలిచి కత్తిరించిన కాగితాలు అందులో నాలుగు తరాలవి ఉన్నాయి. ఒక్కో దాని మీద పేరు, కొలిచిన సంవత్సరం, చల్లగా ఉండాలని ఒక దీవెన. వంశావళిలో 'ఫలానావారి కూతురు' అని మాత్రమే మిగిలిన ఆడవాళ్ళందరూ ఆ సంచిలో పేర్లతో ఉన్నారు. వంటమనిషి పాదం కూడా ఉంది. అది చూసిన రోజు సొరాన్ పెట్టె ముందు కూర్చుని ఏడ్చింది.

దాయాదులకీ ఆ సంగతి నచ్చింది. కార్యానికి వచ్చేవాళ్ళకి పంచడానికి చిన్న పుస్తకం వెయ్యమన్నారు. సొరాన్ సంబరపడి, ప్రతి పాదాన్నీ అసలు కొలతలో, వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చు వేయించింది. ఏళ్ళ వరసలో పేర్చింది. చరిత్ర చదువుకున్నవాళ్ళు ఎవరైనా అలాగే పేరుస్తారు.

"పద్దెనిమిదో పేజీలో బావగారి చిన్నప్పటి పాదం ఉంది" అంది సొరాన్. "యుద్ధానికి ముందు ఏడాది కొలిచింది. పంతొమ్మిదో పేజీలో ఆయనదే ఇంకోటి. యుద్ధం వచ్చిన మరుసటి ఏడు కొలిచింది. రెంటికీ మధ్య రెండేళ్ళు. విడివిడిగా మడతల్లో ఉన్నప్పుడు నేను గమనించలేదక్కా. మొదటి ప్రతి చేతికొచ్చాక చూశాను. రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. పుస్తకం మూస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి."

"పడితే?"

"రెండోది చిన్నది. బొటనవేలి వెడల్పంత తక్కువ."

గుమొక్ ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆ ముగ్గురి కాళ్ళకీ తనే కొలిచి తనే కుట్టింది. ఆమెకి ఇంకేమీ విడమర్చి చెప్పనక్కరలేకపోయింది. గంజి గిన్నె మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

"యుద్ధంలో తిండి లేక చిక్కిపోయి ఉంటాడు."

"ఒళ్ళు చిక్కుతుంది అక్కా. ఎముక చిక్కదు."

"కాగితం ముడుచుకుపోయిందేమో. యాభై ఏళ్ళ కాగితం."

"మిగతావేవీ ముడుచుకోలేదు."

పొయ్యిలో కట్టె విరిగి పడింది. గుమొక్ దాన్ని పటకారుతో లోపలికి తోసింది. తర్వాత మాట్లాడినప్పుడు ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే దెప్పిపొడుపు లేదు.

"స్కూల్లో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చోబెట్టేవాళ్ళట ఆయన్ని, పొట్టిగా ఉన్నాడని. మా పెళ్ళిలో మా నాన్న కూడా అన్నాడు, పిల్లాడు వయసుకి చిన్నగా కనిపిస్తున్నాడే అని." చేతివేళ్ళు చూసుకుంది. "ఏడాదికి పద్నాలుగు తద్దినాలు సొరాన్. ఇరవై ఏడేళ్ళు. వేళ్ళు పగిలేట్టు వండాను. ఎవరి పెద్దలకి వండానే నేను?"

సొరాన్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. గుమొక్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయన కాకపోతే ఇంటికి పెద్దకొడుకు ఎవరు? మీ ఆయన. అంతేనా?"

"అక్కా, అలా అనకు."

"నేను అనను. ఊరంతా అంటుంది. చదువుకున్న చిన్నకోడలు పాత మేజోళ్ళు తవ్వి మొగుణ్ణి పీట ఎక్కించిందని."

"ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యని తప్ప ఎవర్నీ అడగలేదు."

"నువ్వు చెప్పకపోతే పుస్తకం చెబుతుంది కదా."

"పుస్తకాలు ఆపమని ప్రెస్సుకి ఫోన్ చేశాను. ఆపేస్తామన్నారు."

సరిగ్గా అప్పుడే బయటి గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది.

డ్రైవరు నోట్లో పుల్ల నములుతూ నాలుగు అట్టపెట్టెలు వరండాలో దింపాడు. ఆపమన్నాం కదా అని సొరాన్ అడిగితే భుజాలు ఎగరేశాడు.

"మీరు ఆపమన్నారు, కింది వీధి పెద్దాయన పంపమన్నారు. ఆర్డరు ఆయన పేరు మీద ఉందమ్మా, మీ పేరు మీద కాదు. అయిదు పెట్టెలు. ఒకటి దార్లో ఆయన ఇంట్లోనే దింపేశాను."

"ఆయన తెరిచారా?"

"అక్కడికక్కడే తెరిచారు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తున్నారు. చాలా బాగా వచ్చిందన్నారు."

వ్యాను వెళ్ళిపోయింది. ఇద్దరు కోడళ్ళూ పెట్టెల మధ్య నిలబడ్డారు. కింది వీధి పెద్దాయన అంటే దాయాదులందరిలోకీ వయసులో పెద్ద. భూముల సర్వేలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. తద్దినం బల్ల మీద పళ్ళేలకీ పళ్ళేలకీ మధ్య దూరం కూడా బద్దతో కొలుస్తాడు. ఒకసారి బేరిపండు రెండు వేళ్ళు పక్కకి జరిగిందని మామగారంతటి వాణ్ణి అందరి ముందూ నిలదీశాడు.

"బావగారు ఎక్కడున్నారు అక్కా?" అని అడిగింది సొరాన్, జవాబు తెలిసినట్టే.

"ఆ పెద్దాయన ఇంటికే వెళ్ళారు. ఎల్లుండి చదవాల్సింది ఆయన ముందు ఒకసారి చదివి వినిపించడానికి."

గుమొక్ వంగి ఒక పెట్టెని ఎత్తి భుజాన పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి నోటి దగ్గర పెట్టెని దబ్బున పడేసి టేపు చింపింది.

"ఆ రెండు పేజీలూ తీసేస్తే చాలు అక్కా" అంది సొరాన్ వెనకాలే వచ్చి. "పద్దెనిమిదీ పంతొమ్మిదీ."

"తీసేస్తే అక్కడ ఏముండేదని అడగరూ?"

"అచ్చు తప్పు పోయిందని చెబుతాను."

"ఆయనకా? బేరిపండు మనిషికా?"

మొదటి పుస్తకం పొయ్యిలోకి వెళ్ళింది. అట్ట మీద ఇంటి ఆడవాళ్ళ పేర్లన్నీ వరసగా వేయించింది సొరాన్. అవి నల్లబడి, ముడుచుకుని, విడిపోయాయి. ఆమె జీవితంలో ఒక్క కాగితం ముక్క కూడా కాల్చి ఎరగదు. ఎవరో పారేసిన బజారు చీటీలు ఏరుకొచ్చి ఫైళ్ళలో దాచుకునే మనిషి. రెండో పుస్తకం గుమొక్ చేతికి అందించింది తనే. మూడోదీ తనే. దాచుకోవటం కోసం బతికిన మనిషి కాల్చటంలో ఇంత చురుగ్గా ఉంటుందని ఎవరూ అనుకోరు.

నిజం చెప్పాలంటే ఆమె కాలుస్తున్నది ఒక్క పుస్తకాన్నే కాదు. ఇళ్ళల్లో దాగినదంతా వెలుగులోకి తేవాలని ఇరవై ఏళ్ళుగా క్లాసుల్లో చెప్పిన మాటని కూడా. ఆ మాట నిలబెడితే ఒక మంచి మనిషి ఎల్లుండి నలుగురిలో పేరూ ఊరూ లేనివాడవుతాడు. ఈ వంటింట్లో వేళ్ళు పగలగొట్టుకున్న మనిషి పరాయిదవుతుంది. మాట తప్పితే తను ఏమవుతుందో సొరాన్ ఇంకా ఆలోచించుకోలేదు.

రెండో పెట్టె సగానికి వచ్చింది. మంట పొయ్యి నోరు దాటి బయటికి నాలుక చాచింది. అప్పుడు గోడ అవతల నుంచి, మూడు రోజుల తర్వాత మొదటిసారి, పెద్దావిడ గొంతు వినిపించింది.

"నేల కాలిపోతోంది. ఏం తగలేస్తున్నారు మీరిద్దరూ?"

ఆ పొయ్యి వేడి పోయేది పెద్దావిడ గది నేల కిందకే. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"వెళ్ళు" అంది గుమొక్. "నిన్నే పిలుస్తోంది."

సొరాన్ తన గదిలో ఉన్న గుడ్డసంచి తీసుకుని వెళ్ళేసరికి పెద్దావిడ లేచి కూర్చుని ఉంది. మూడు రోజుల ఉపవాసంతో మొహం ఇంకింత చిన్నదయింది గానీ, జుట్టు మాత్రం నున్నగా దువ్వి ముడి వేసుకుంది. ముందు తెల్లకాగితం, కత్తెర సర్దిపెట్టుకుని ఉన్నాయి.

"సంచి తెచ్చావా?"

"తెచ్చాను అత్తయ్యా."

"పెద్దది ఇటియ్యి. రెంట్లోనూ పెద్దది."

సొరాన్ సంచి ఆవిడ పక్కన పెట్టి అందులోంచి ఆ కాగితం తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని తెల్లకాగితం మీద పరిచి, పెన్సిలుతో చుట్టూ గీసింది. గీత గీస్తున్నప్పుడు చూడనక్కర కూడా లేనట్టు, చూపు ఎక్కడో పెట్టుకుంది.

"సోయా సాస్ జాడీ పెట్టి తొమ్మిది రోజులైంది. మెడకి ఎండుమిరపకాయల తాడు కట్టారు, బాగానే ఉంది. పాదం అతికించద్దూ? మీకు అన్నీ నేనే చెప్పాలా?"

ప్రతి ఏడూ కొత్త జాడీ పొట్టకి తెల్లకాగితం పాదం తలకిందులుగా అతికిస్తారు. ఆ పాదాన్ని పెద్దావిడ ఎప్పుడూ తనే కత్తిరిస్తుంది, పెద్దకోడల్ని కూడా ముట్టుకోనివ్వదు. ఆ ఆచారం గురించి సొరాన్ అంతకుముందు వేసిన ఒక పుస్తకంలో నాలుగు పేజీలు రాసింది. పురుగులు రాకుండా అని కొందరు, చెడుగాలిని తొక్కెయ్యడానికని కొందరు, పాడైన రుచి తిరిగి నడిచి రావాలని కొందరు అంటారని, మూడు మాటలూ వేసి, ఏదీ తేల్చలేదు. ఈ ఇంట్లో ఆ పాదం ఎవరిదో అడగాలని ఆమెకి తోచనే లేదు.

"ఏటేటా దీంతోనేనా అత్తయ్యా?"

"మరి దేంతో?"

"ఎవరి పాదం ఇది?"

కత్తెర ఆగలేదు. "నా కొడుకుది."

"మరి రెండోది?"

"అదీ నా కొడుకుదే."

బొటనవేలి దగ్గర వంపు జాగ్రత్తగా తిప్పి, ఆవిడ మడమ దాకా కత్తిరించింది. తర్వాతి మాటలు కత్తెరతో చెబుతున్నట్టే చెప్పింది.

"నది దాటేటప్పుడు వెనక నుంచి తోశారు. ఒక చెయ్యి జారిపోయింది. అవతలి గట్టు మీద ఇంకో చెయ్యి దొరికింది. ఎవరిదని అడుగుదామంటే అడగడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. అంతే." కాగితం చెక్కులు ఒళ్ళోంచి దులుపుకుంది. "ఇంటికొచ్చేసరికి మా అత్తగారికి చూపు పూర్తిగా పోయింది. వాడి తల తడిమి, పిల్లాడు చిక్కిపోయాడే అంది. మీ మామగారు సైన్యం నుంచి వచ్చేసరికి ఇంకో మూడేళ్ళు. అప్పటికి వాడు అందరిలాగే అయ్యాడు."

"మామగారికి చెప్పలేదా?"

"అడగలేదు." ఆవిడ మొదటిసారి తలెత్తి కోడలి కళ్ళలోకి చూసింది. "యాభై ఏళ్ళలో ఆ రెండు కాగితాలూ ఒకచోట పెట్టి చూసినదానివి నువ్వొక్కదానివే. మంచిదానివే. ఆ పుస్తకంలో ఏం రాశావు?"

"ఏమీ రాయలేదత్తయ్యా. కొలత మాత్రమే."

"కొలత చాలు."

సొరాన్ ఏడుస్తోంది. ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "బావగారికి తెలియదు. తెలియనివ్వం. అక్కా నేనూ అన్నీ కాల్చేస్తున్నాం" అంది.

పెద్దావిడ కత్తిరించిన పాదాన్ని కోడలి చేతిలో పెట్టింది. "జాడీకి అతికించు. వేళ్ళు పైకి ఉండాలి. ఎప్పటికైనా పైకే రావాలి వాడు" అంది.

జాడీల అరుగు మీద ఎండ పల్చగా ఉంది. సొరాన్ గోధుమపిండి జిగురు రాసి, కాగితాన్ని జాడీ పొట్టకి ఆనించి అరచేత్తో అదిమింది. పక్కనున్న పాత జాడీల మీద కూడా అంతే పాదం ఉంది, ఎండకి పసుపెక్కి, వానకి అంచులు లేచి. యాభై ఏళ్ళుగా ఆ బిడ్డ ఇంటి నడిమధ్యన, అందరి కళ్ళ ముందూ ఉన్నాడు. పసిపిల్లలకి సమాధి కట్టే ఆచారం లేని ఊళ్ళో ఆ తల్లి తన పిల్లాడికి ఏటేటా ఒకటి కట్టుకుంది.

"సొరాన్."

గుమొక్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి మసి. ఆమె చూపు నడిమి గేటు వైపు ఉంది.

సంగ్యున్ వచ్చాడు. గేటు దగ్గరే బూట్లు విప్పేశాడు. మేజోళ్ళు కూడా విప్పి బూట్లలో కుక్కాడు. మంచు గట్టిపడిన నేల మీద ఉత్తకాళ్ళతో నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో పుస్తకం ఉంది, మధ్యలో వేలు పెట్టి మూసి ఉంది. పొయ్యి పొగ వంక ఒకసారి చూశాడు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు. ఇవాళ పెళ్ళాంతో కూడా మాట్లాడలేదు. ఇద్దరినీ దాటుకుని తల్లి గది ముందు రాతిమెట్టు మీద నిలబడ్డాడు.

"ఏమండీ, కాళ్ళు" అంది గుమొక్.

"అమ్మా" అన్నాడు సంగ్యున్ మూసి ఉన్న తలుపుతో.

లోపల కాగితం చప్పుడైంది.

"పెద్దాయన రేపు పొద్దున్నే వస్తానన్నారు. సంచి చూడాలట. కొలబద్ద తెస్తారట." ఆయన గొంతు మామూలుగానే ఉంది, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "ఎల్లుండికి నాకు కొత్త మేజోళ్ళు కుట్టాలి కదమ్మా. ఈసారి కోడలు వద్దు. నువ్వే కొలువు."

గుమొక్ గుమ్మం పట్టుకుంది. సొరాన్ చేతి మీద జిగురు చల్లగా గడ్డకడుతోంది. ఇప్పుడు లోపలికి పరిగెత్తి ఆ చిన్న కాగితం లాక్కుని పొయ్యిలో పడేస్తే ఏమవుతుందని ఒక్క క్షణం అనుకుంది.

తలుపు జానెడు తెరుచుకుంది. పెద్దావిడ కత్తెర పక్కన పెట్టి, కొత్త తెల్లకాగితం ఒకటి నేల మీద పరిచి, అంచులు చేత్తో సరిచేస్తోంది.

"లోపలికి రా చిల్‌బొక్" అంది. "నేల వెచ్చగా ఉంది."

ఆ ఇంట్లో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు. వంశావళిలో లేదు, సంచిలో ఏ కాగితం మీదా లేదు. గుమొక్ ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు.

"వస్తున్నా అమ్మా" అన్నాడు ఆమె భర్త.